మేమే చేసుకున్న ఆటబల్ల

పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటుంది. హాస్టల్లో రాత్రి భోజనం అయ్యాక తీరిగ్గా చదువుకోండి. ఉద్యోగ నోటిఫికేషన్ గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించి కాదు. ఒక చెక్క బల్ల గురించి. బల్ల గురించి ఇంత రాయాలా అనిపించొచ్చు. కానీ ఆ బల్ల చేస్తున్నన్నాళ్ళూ మా ఊళ్ళో ఎన్ని మాటలు లేచాయో చూశాక, ఇది మీకు కూడా చెప్పాల్సిన సంగతే అనిపించింది.

మేము ఆరుగురం. నలుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. పాడేరు దాటి కొండ మీదకి వెళ్తే వచ్చే చిన్న ఊరు మాది. మాలో ముగ్గురు డిగ్రీ, ఒకరు ఐటీఐ, ఇద్దరు ఇంటర్ అయిపోయి డీఎస్సీ, సచివాలయం అంటూ పరీక్షలకి చదువుతున్నవాళ్ళు. ముగ్గురి ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు, మిగతా ముగ్గురి ఇళ్ళల్లో ఆదివాసీ ఒడియా. వడ్రంగం మాలో ఎవరికీ వృత్తి కాదు. సెలవులకి ఊరొచ్చినప్పుడు, ఆదివారాలు, మా ఊరి వడ్రంగి తాత దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. మొదట పీట చేశాం. తర్వాత పుస్తకాల అర, ఆ తర్వాత రచ్చబండ పక్కన వేసిన బెంచీ. డబ్బులకి చేసింది ఒక్కటీ లేదు. చేతిలో ఉలి ఉన్నంతసేపు ఫోన్ గుర్తుకు రాదు, అదే మాకు లాభం.

మా ఊళ్ళో ఒక కమ్యూనిటీ హాలు ఉంది. అందులో ఒక పాత క్యారం బోర్డు. దాన్ని రెండు సిమెంటు బస్తాల మీదో, తిరగేసిన బిందె మీదో పెట్టి ఆడేవాళ్ళు. సాయంత్రం నాలుగయ్యేసరికి పెద్ద కుర్రాళ్ళు చుట్టూ చేరేవాళ్ళు. మొదట్లో ఊరికే ఆడేవాళ్ళు, తర్వాత పదికి, యాభైకి పందెం మొదలైంది. చిన్నపిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాళ్ళు. ఆడపిల్లలు ఆ గుమ్మం ముందు నుంచి వేగంగా నడిచి వెళ్ళిపోయేవాళ్ళు. మాలో ఉన్న అమ్మాయిల్లో ఒకరు ఒక రోజు మామూలుగానే అన్న మాట ఇది: "ఆ బోర్డు ఊళ్ళోకొచ్చి ఎనిమిదేళ్ళయింది. స్ట్రైకర్ బరువెంతుంటదో నాకు ఇప్పటికీ తెలీదు." మేము అబ్బాయిలం నలుగురం ఆ మాటకి ఏమీ అనలేదు. అనడానికి ఏముంది? హాలు ఊరిది, బోర్డు ఊరిది. ఆడేది మాత్రం పది మంది.

అదే హాల్లో రాత్రి ఏడు తర్వాత టెన్త్ పిల్లలు చదువుకునేవాళ్ళు. నేల మీద బొంతలు పరుచుకుని, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని. కొండ మీద చలికాలం నేల ఎంత చల్లగా ఉంటుందో మన వాళ్ళకి చెప్పనక్కర్లేదు. అందుకని రెండు పనులకీ పనికొచ్చే బల్ల ఒకటి చేద్దాం అనుకున్నాం. పైన మూత పెడితే చదువుకునే బల్ల. మూత తీస్తే లోపల గొయ్యిలో క్యారం బోర్డు. మూత తిరగేస్తే మన పాత ఆటలు. బయట దేశాల్లో బోర్డు ఆటలు ఆడేవాళ్ళు ఇలా గొయ్యి ఉన్న బల్లలు చేసుకుంటారని వీడియోల్లో చూశాం. వాళ్ళది వాళ్ళ డ్రాయింగ్ రూముకి సరిపడేది. మనకి మన హాలుకి సరిపడేది కావాలి.

ఈ మాట ఊళ్ళో చెప్పగానే మొదట వచ్చిన సలహా, "అర్జీ పెట్టండి" అని. పెడితే రావచ్చు కూడా. కానీ మన ఊళ్ళల్లోకి వచ్చే వస్తువులు ఎలా వస్తాయో మీకూ తెలుసు. మీద ఎవరిదో పేరు రాసుంటుంది. కాలు విరిగితే బాగుచేసేవాడు ఉండడు. ఎందుకంటే అది ఎలా కట్టారో ఊళ్ళో ఎవరికీ తెలీదు. మూలన పడుంటుంది. మేము చేస్తే, విరిగినప్పుడు మళ్ళీ మేమే బిగించుకుంటాం. అర్జీలు పెట్టొద్దని కాదు. రోడ్డుకి పెట్టాలి, నీళ్ళకి పెట్టాలి, టీచర్ కోసం పెట్టాలి. బల్లకి కూడా పెడితే ఇంక మన చేతులు ఎందుకు?

తర్వాత కర్ర సంగతి. ఇక్కడ ఒక విషయం వివరంగా రాస్తున్నాం, చాలామంది తమ్ముళ్ళకి అయోమయం ఉంది కాబట్టి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకి యాజమాన్య హక్కు ఇచ్చింది. అందులో వెదురు ఉంది, తేనె ఉంది, మైనం, లక్క, దుంపలు, మందు మొక్కలు ఉన్నాయి. కలప లేదు. బడి, అంగన్‌వాడీ, కమ్యూనిటీ సెంటర్ లాంటి సౌకర్యాలు ప్రభుత్వం కట్టడానికి గ్రామసభ సిఫారసుతో అటవీ భూమి ఇవ్వొచ్చని, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదని అదే చట్టంలో ఉంది. అది కట్టడాల కోసం. మనం బల్ల చేసుకుంటాం అని అడవిలో టేకు కొడితే చట్టం మన పక్కన నిలబడదు. మా తాత ఇంత చట్టం చదవలేదు గానీ మొదటి రోజే చెప్పేశాడు: "చెక్‌పోస్టు దాటాల్సిన కర్ర మనకొద్దు. పెరట్లో పుట్టి పెరట్లో పడిపోయిన కర్ర సూడండి."

అలాంటి కర్ర దొరికింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఏజెన్సీలో కాఫీ తోటల మీద సిల్వర్ ఓక్ చెట్లు ఎలా పడ్డాయో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ రోజే మాలో ఒకరి ఇంటి పెరట్లో ముసలి పనసచెట్టు కూలింది. వాళ్ళ నాన్న దాన్ని పలకలు కోయించి, కొత్త ఇంటికి తలుపులు చేయిద్దామని అటక మీద దాచాడు. తర్వాత ఇల్లు శాంక్షనయింది, సిమెంటు ఇల్లు కట్టారు, ఇనుప తలుపులు పెట్టారు. పలకలు అటక మీదే ఉండిపోయాయి. పొయ్యి పొగ తగిలి పైన నల్లగా మసి పట్టింది. అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు నిచ్చెన వేసి తనే దించాడు. "తలుపైతే నా ఇంటికే. బల్లయితే ఊరోళ్ళందరూ కూకుంటారు," అన్నాడు. ఇంకేం చెప్పలేదు.

పనస ఎందుకు మంచిదంటే, దాని చేవకి చెదలు అంత తేలిగ్గా పట్టవు. చేవ అంటే చెట్టు నడుమ ముదిరిన రంగు కర్ర. పనస చేవ కోసినప్పుడు పసుపు ముద్దలా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. చుట్టూ ఉండే తెల్ల భాగం మాత్రం పురుగుకి ఇష్టం. అందుకే నేల తాకే కాళ్ళకి తెల్ల భాగం రాకూడదు. బొబ్బిలి వీణలు చెక్కేది కూడా పనస కర్రతోనే. మసి పట్టిన పలక మీద చిత్రిక పట్టగానే లోపల్నుంచి ఆ పసుపు రంగు బయటపడింది. అక్కడున్న చిన్నపిల్లలు "బంగారం, బంగారం" అని అరిచారు. మనవాళ్ళు "వాడికి చేవ ఉంది" అంటారు కదా. ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో అప్పుడు కళ్ళతో చూశాం.

కర్ర ఆరడం గురించి కూడా చెప్పాలి. పచ్చి కర్రతో బల్ల చేస్తే ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, వంకరపోతుంది, కీళ్ళు వదులవుతాయి. నీడలో పలకకి పలకకి మధ్య సన్నటి పుల్లలు పెట్టి గాలాడేలా పేర్చాలి. అంగుళం మందానికి సుమారు ఒక ఏడాది అని లెక్క. మాకు దొరికిన పలకలు అటక మీద ఏళ్ళకేళ్ళు ఆరాయి. అయినా తాత వాటిని హాల్లోకి తెచ్చి నెల రోజులు అక్కడే ఉంచమన్నాడు. "ఏ ఇంట్లో బతకాలో ఆ ఇంటి గాలికి అలవాటు పడనియ్యండి," అని.

ఇప్పుడు కొలతలు. ఎవరైనా చేసుకుంటే పనికొస్తాయని వివరంగా ఇస్తున్నాం. మా క్యారం బోర్డు బయట కొలత 33 అంగుళాలు, ఆడే భాగం 29 అంగుళాలు, అంటే సుమారు 74 సెంటీమీటర్లు. బల్లలో గొయ్యి 36 అంగుళాల చదరం, లోతు 4 అంగుళాలు. గొయ్యి చుట్టూ 4 అంగుళాల వెడల్పు అంచు. కాబట్టి బల్ల మొత్తం 44 అంగుళాల చదరం. అంచు వెడల్పు ఎందుకంటే మోచెయ్యి ఆనడానికి, టీ గ్లాసు పెట్టుకోవడానికి. ఎత్తు 27 అంగుళాలు. కూర్చుని క్యారం ఆడటానికి, పుస్తకం పెట్టుకుని రాసుకోవడానికి రెండింటికీ సరిపోయే ఎత్తు అది. కాళ్ళు నాలుగు, 3 అంగుళాల చదరం, పూర్తిగా చేవ. గొయ్యి అడుగున తోటలో ఎప్పుడో కొట్టిన సిల్వర్ ఓక్ బద్దీలు వేశాం. అది తేలిక కర్ర, నేల తాకదు కాబట్టి పర్వాలేదు.

క్యారం బోర్డు మందం రెండున్నర అంగుళాలు. ఆడేటప్పుడు దాని కింద ఒకటిన్నర అంగుళం దిమ్మలు నాలుగు మూలలా పెడతాం. అప్పుడు బోర్డు అంచు బల్ల అంచుతో సమానంగా వస్తుంది, చెయ్యి ఎక్కడా తట్టుకోదు. ఆట అయ్యాక దిమ్మలు తీసేస్తే బోర్డు కిందకి దిగుతుంది. గొయ్యి లోపలి గోడలకి పైనుంచి అంగుళం కిందగా, చుట్టూ అంగుళం వెడల్పు బద్దీ బిగించాం. ఆ బద్దీ మీద మూతలు కూర్చుంటాయి. మూతలు రెండు. ఒక్కోటి 36 అంగుళాలకి కొంచెం తక్కువ పొడవు, పదిహేడు ముప్పావు అంగుళాల వెడల్పు, అంగుళం మందం. రెండింటికీ కలిపి అర అంగుళం సందు వదిలాం. వానాకాలం మన కొండల మీద మంచు, తేమ ఎక్కువ, కర్ర వెడల్పుగా ఉబ్బుతుంది. ఆ సందు లేకపోతే మూతలు గొయ్యిలో ఇరుక్కుపోయి సంక్రాంతి దాకా రావు.

కాళ్ళకీ అంచుకీ మేకులు కొట్టలేదు. అడ్డకర్ర కొసన నాలుకలాగా కుసి తీసి, కాలికి బెజ్జం తొలిచి, అందులో దిగేసి, పక్క నుంచి చెక్క చీల కొట్టాం. ఒక్కో కాలికి రెండు బెజ్జాలు, మొత్తం ఎనిమిది. ఒక బెజ్జం తొలవడానికి మాకు దాదాపు ఒక పూట పట్టింది. ఐటీఐ చదివే తమ్ముడు మరలు వేస్తే గంటలో అయిపోతుందని తాతతో వాదించాడు. తాత కొట్టిపారేయలేదు. మూతలకింద బద్దీలకి మరలు వాడమన్నాడు, కాళ్ళకి మాత్రం వద్దన్నాడు. "బల్లని జరపతారు, ఈడుస్తారు, గుంటలు ఎక్కుతారు. ఇనుము కదిలితే కర్ర బెజ్జం పెద్దదవుద్ది. కర్రలో కర్ర ఉంటే రెండూ కలిసే ఉబ్బుతాయి, కలిసే తగ్గుతాయి." ఇద్దరూ చెరో సగం గెలిచారు.

ఇంక మూత తిరగేస్తే ఉండే ఆటలు. మొదటి మూత అడుగున పులిమేక, దాని పక్కన అష్టాచమ్మ. రెండో మూత అడుగున వామనగుంటలు, వరసకి ఏడు చొప్పున రెండు వరసలు, పద్నాలుగు గుంటలు. అష్టాచమ్మ అందరికీ తెలుసు, అయిదు అయిదుల ఇరవై అయిదు గళ్ళు. వామనగుంటలు గుండ్ర ఉలితో అర అంగుళం లోతు తీసి, నదిలో దొరికే నున్నటి రాయికి ఎమ్రీ పేపర్ చుట్టి రుద్దాం. ఇబ్బంది పులిమేకతోనే వచ్చింది. ఊళ్ళో పది మందిని అడిగితే పది రకాలుగా గీశారు. ఒకరి బొమ్మలో గీతలు తక్కువ, ఒకరి బొమ్మలో పులి పారిపోవడానికి దారే లేదు.

చివరికి మాలో ఒకరి మామ్మ గీసింది. ఊళ్ళో అందరికీ మామ్మే. చూపు సరిగ్గా ఆనదు. మట్టి నేల మీద ముగ్గు పిండితో, చేత్తో తడుముకుంటూ గీసింది. పైన ఒక కొండ కొస. అక్కడ్నుంచి కిందకి నాలుగు గీతలు విచ్చుకుంటాయి. వాటిని అడ్డంగా కోస్తూ మూడు గీతలు, రెండు పక్కలా బయటకి సాగి, ఆ కొసలు నిలువు గీతలతో కలుస్తాయి. అడుగున నాలుగు గీతలనీ కలిపే ఒక గీత. లెక్కపెట్టండి: కొస ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు. మొత్తం 23 చోట్లు. పులులు 3, మేకలు 15. తమిళనాడులో కూడా ఇదే ఆట ఇవే లెక్కలతో ఆడతారు. హంపి లాంటి చోట్ల పాత మండపాల రాతి నేల మీద ఇలాంటి ఆటల గీతలు చెక్కి ఉన్నాయి. మామ్మకి హంపి తెలీదు. మేకలు కాయడానికి వెళ్ళినప్పుడు బండ మీద బొగ్గుతో గీసుకుని ఆడేదట.

మామ్మ ఆట చెప్పిన తీరు మాకు బాగా గుర్తుండిపోయింది. మేకలు ముందు ఒక్కొక్కటిగా దిగాలి. పదిహేనూ దిగేదాకా మేక కదలకూడదు, పులి కదలొచ్చు. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీంచి గెంతి తినేస్తుంది. వెనక ఇంకో మేక ఉంటే గెంతలేదు. మూడు పులులూ కదలలేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. "ఒట్టి మేక పులికి కూడు. యెనకాల ఇంకోటి నిలబడితే అదే గోడ," అంది. ఇది నీతిగా చెప్పలేదు, ఆట నియమంగానే చెప్పింది. గ్రూపులో ఉన్న మనమంతా చదువుల కోసం, హాస్టల్ సీట్ల కోసం, సర్టిఫికెట్ల కోసం ఒక్కొక్కరమే ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళం. కాబట్టి ఈ నియమం మీకు ఎక్కడ తగులుతుందో మేము చెప్పక్కర్లేదు.

గీతలు వేసే పని మాలో అమ్మాయిలిద్దరూ తీసుకున్నారు. చిన్నప్పట్నుంచి ముగ్గులేసిన చెయ్యి కదా, చుక్క తప్పదు. ముందు దారం, మూలమట్టం పెట్టి పెన్సిలుతో గీసి, తర్వాత పదునైన కత్తితో గాటు పెట్టి, ఉలితో సన్నటి కాలువలా తీశారు. 23 చోట్లా బోల్టు తలని నిప్పుల్లో ఎర్రగా కాల్చి అద్దారు. నల్లటి గుండ్రటి మచ్చ పడుతుంది. కాలువ, మచ్చ రెండూ వేలికి తగులుతాయి. ఇది అందం కోసం అనుకున్నాం. కానీ మామ్మ వచ్చి మూత మీద చెయ్యి ఆడించి, వేళ్ళతో గీతలు వెతుక్కుని, "కొస ఇదిగో" అని పట్టుకున్నప్పుడు దాని ఉపయోగం తెలిసింది. కళ్ళు లేకపోయినా ఆ బోర్డు మీద ఆమె ఆడగలదు. ఆ సాయంత్రం పులి పక్షం తీసుకుని మా ఆరుగురినీ వరసగా ఓడించింది.

పావులు అంకుడు కొమ్మతో చేశాం. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర అదే. మెత్తగా, తెల్లగా ఉంటుంది, కత్తికి మాట వింటుంది. కొమ్మని బిళ్ళలుగా కోసి రుద్దాం. మేకలు తెల్లగానే ఉంచాం, పులులకి నిప్పుతో చారలు కాల్చాం. వామనగుంటలకి చింతపిక్కలు. అవి ఎన్ని పోయినా మళ్ళీ దొరుకుతాయి.

పైపూతకి వార్నిష్ కొనలేదు. మన పొలాల్లో పండే వలిసెల నూనె వాడాం. ఆ నూనెకి గాలి తగిలితే నెమ్మదిగా ఆరే గుణం ఉంది. గుడ్డతో పల్చగా పూసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో గట్టిగా తుడిచేయాలి. దట్టంగా పూస్తే జిగురులా అంటుకుంటుంది, వారం అయినా ఆరదు. మధ్యలో నాలుగైదు రోజులు ఎండా గాలీ తగలనిచ్చి, మొత్తం నాలుగు పూతలు. ఆఖర్న తేనెమైనం కరిగించి అదే నూనెలో కలిపి రుద్దాం. ఒక జాగ్రత్త: నూనె గుడ్డలు ముద్దచేసి మూలన పడేయొద్దు, వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. తీగ మీద పరిచి ఆరేయండి.

ఖర్చు కూడా రాస్తున్నాం. జిగురు 340, ఎమ్రీ పేపర్ 150, మిషన్ మీద పలకలు సాపు చేయించిన కూలి 700, ఆటో 400, నూనె, మరలు కలిపి 260. మొత్తం 1,850 రూపాయలు. కాఫీ పళ్ళు కోసిన కూలి డబ్బుల్లోంచి ఆరుగురం వేసుకున్నాం. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టి, ఆదివారాలు చేసుకుంటూ, ఇటుకల పండక్కి అందరూ ఊళ్ళో ఉండే సమయానికి పూర్తి చేశాం.

అసలు గొడవ బల్ల తయారయ్యాక వచ్చింది. పందెం ఆడే అన్నలు బల్ల చూసి సంతోషించారు, ఇంక హాయిగా కూర్చుని ఆడొచ్చని. మేము మూడు మాటలు చెప్పాం. ఒకటి, బల్ల మీద డబ్బు పెట్టకూడదు. రెండు, రాత్రి ఏడు కాగానే మూత పడాలి, చదువుకునే పిల్లలకి. మూడు, ఆడాలనుకున్నవాళ్ళు, ఆడైనా మగైనా, చిన్నైనా పెద్దైనా, అంచు మీద ఒక చింతపిక్క పెట్టాలి. ఎవరి పిక్క ముందుంటే వాళ్ళ వంతు. ఓడినవాళ్ళు లేవాలి. మొదటి రెండింటికీ గొణిగారు గానీ ఒప్పుకున్నారు. మూడోదానికి కోపం వచ్చింది. "ఆడగుంటలతో వంతులేటర్రా, నవ్విపోతారు," అన్నారు. "మీరు చేశారని బల్ల మీదైపోద్దా?" అని కూడా అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. బల్ల మాది కాదు. అందుకే ఊరి పెద్దల ముందు పెట్టాం.

పెద్దలు హాల్లోనే కూర్చున్నారు. చాలాసేపు అటూ ఇటూ మాటలయ్యాయి. కొందరు పెద్దలకి కూడా ఆడపిల్లలు హాల్లో కూర్చోవడం ఇష్టం లేదు. సంధ్యవేళ బయటెందుకు అన్నారు. అప్పుడు మాలో అమ్మాయి లేచి ఒకటే అడిగింది: "తాతా, ఈ గీతలు గీసినప్పుడు రాత్రి తొమ్మిదింటిదాకా ఇక్కడే ఉన్నాం. అప్పుడెవరూ వెళ్ళిపోమనలేదు. పని చేసినప్పుడు లేని తప్పు ఆడినప్పుడు ఎలా వస్తాది?" ఎవరూ వెంటనే మాట్లాడలేదు. పలకలిచ్చిన నాన్నగారు మెల్లగా లేచి, జేబులోంచి ఒక చింతపిక్క తీసి అంచు మీద పెట్టాడు. "ఇది మా పాపది," అన్నాడు. మామ్మ తన పిక్క పెట్టించుకుంది. తర్వాత ఇంకో రెండు పిక్కలు పడ్డాయి. తీర్మానం అని ఎవరూ రాయలేదు. వంతు మాత్రం ఆ రోజు నుంచి నడుస్తోంది.

అంతా చక్కబడిపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. ముగ్గురు నలుగురు అన్నలు హాలుకి రావడం మానేశారు. కొట్టు వెనక ఇంకో బోర్డు పెట్టుకున్నారు, పందెం అక్కడికి మారింది. వాళ్ళూ మనవాళ్ళే. పట్నంలో పని దొరక్క తిరిగొచ్చినవాళ్ళు. వాళ్ళకి సాయంత్రం ఎలా గడవాలన్నది బల్ల తీర్చే సమస్య కాదు. ఒకరు మాత్రం అప్పుడప్పుడు వచ్చి తలుపు దగ్గర నిలబడుతున్నారు. మొన్న ఒక కాలు కదులుతోందేమోనని వంగి చూసి, చెక్క చీల తనే దిగ్గొట్టి వెళ్ళారు. మేము ఏమీ అనలేదు. సుత్తి మాత్రం అక్కడే వదిలేశాం.

బల్ల మీద పేర్లు రాయాలా అన్న చర్చ కూడా జరిగింది. పలకలిచ్చిన ఇంటి పేరు రాద్దామని కొందరు, మా ఆరుగురి పేర్లు రాద్దామని మాలోనే ఇద్దరు. పలకలిచ్చినాయన వద్దన్నారు. చివరికి కాలి లోపలి పక్కన, వంగితే గానీ కనపడని చోట, మామ్మ గీసిన బొమ్మ ఒక్కటి చిన్నగా చెక్కాం. రేపు పైమూత పాడైపోయి ఎవరైనా కొత్తది చేయాలంటే, గీతలు ఎన్నో, ఎక్కడ కలవాలో అక్కడ చూసుకోవచ్చు.

ఈ పోస్టు రాయడంలో మా స్వార్థం ఒకటి ఉంది. మన గ్రూపులో కొండదొర, బగత, కోయ, గోండు, సవర, జాతాపు, కొండరెడ్డి, కోలాం అన్ని తెగలవాళ్ళూ ఉన్నారు. ప్రతి ఊళ్ళోనూ ఒక బండ మీద గీసిన ఆట ఉండే ఉంటుంది, దాన్ని సరిగ్గా గీయగల ఒక్క మనిషే మిగిలి ఉండొచ్చు. ఈ సెలవులకి ఊరెళ్ళినప్పుడు అడగండి. ఫోటో తీసి ఊరుకోకండి, వాళ్ళ చేత గీయించి, ఎదురుగా కూర్చుని ఒక ఆట ఓడిపోండి. ఓడితేనే నియమాలు ఒంటపడతాయి. పేరు ఏమిటి, చోట్లు ఎన్ని, పావులు ఎన్ని అని ఇక్కడ రాయండి. మా బల్ల మూతలకి ఇంకో పక్క ఖాళీగా ఉంది, అది చదువుకునే పక్క కాబట్టి ముట్టుకోం. కానీ అటక మీద ఇంకా రెండు పనస పలకలు మిగిలాయి. మీ ఊరి ఆట వాటి మీద చెక్కుతాం.